మూడు గళ్ల ప్రయాణం

ఆదివారం పొద్దున్నే కాఫీ కప్పూ పెన్సిలూ పట్టుకుని గళ్ల నుడికట్టు ముందు కూర్చుంటారు. ‘బతుకుతెరువు కోసం ఊరు విడిచి వెళ్లడం - మూడక్షరాలు’ అన్న ఆధారం కనిపిస్తుంది. క్షణం ఆలోచించక్కర్లేదు... ‘వలస’ అని నింపేసి తర్వాతి గడికి వెళ్లిపోతారు. కానీ పాత మహబూబ్‌నగర్, నల్గొండ జిల్లాల్లో ఆ మూడు గళ్ల కథ అంత తొందరగా పూర్తవదు. అక్కడ ఊరు విడిచినవాళ్లలో మనుషులే కాదు... ఓ నదీ, కొందరు దేవుళ్లూ, ఆఖరికి ఓ ఊరి పేరూ కూడా ఉన్నాయి!

తెలుగులో ‘వెళ్లడానికి’ మాటలకేం కరువు లేదు. చెప్పాపెట్టకుండా వెళ్తే ఉడాయింపు. యుద్ధంలో వెన్ను చూపి వెళ్తే పలాయనం. మంత్రిగారు వెళ్తే పర్యటన. భక్తులు వెళ్తే యాత్ర. నాటకంలో పాత్ర తెర వెనక్కి వెళ్తే నిష్క్రమణ. కొత్త పెళ్లికూతురు వెళ్తే అప్పగింతలు. అన్నీ వెళ్లడమే. ఎవరు వెళ్తున్నారు, ఎందుకు వెళ్తున్నారు అన్నదాన్ని బట్టి మాట మారిపోతుంది. గళ్లు కూర్చేవాళ్లకి ఇంతకన్నా కావలసిందేముంది?

అన్నట్టు, ఈ ఆట పుట్టుకలోనే ఓ ప్రయాణం ఉంది. 1913 డిసెంబరు 21న ‘న్యూయార్క్ వరల్డ్’ పత్రిక ఆదివారం అనుబంధంలో తొలి క్రాస్‌వర్డ్ అచ్చయింది. దాన్ని తయారుచేసిన ఆర్థర్ విన్ పుట్టింది అమెరికాలో కాదు, ఇంగ్లండులోని లివర్‌పూల్‌లో. పందొమ్మిదేళ్ల వయసులో, 1891లో ఓడెక్కి అమెరికా చేరుకున్నాడు. అంటే, ఈ గళ్లను మనకిచ్చినవాడూ ఊరు విడిచి వెళ్లినవాడే!

ఆ గళ్లలోని ఆధారాలనే దారి చూపే గుర్తులుగా పట్టుకుని పాలమూరు నుంచి పోచంపల్లి దాకా వెళ్తే ఎలా ఉంటుంది?

నిలువు: మర్రి నేలమీద మోపే కాలు (2)

జవాబు ‘ఊడ’. దాన్ని చూడాలంటే మహబూబ్‌నగర్ పట్టణానికి నాలుగు కిలోమీటర్ల దూరంలో ఉన్న పిల్లలమర్రి దగ్గరికి వెళ్లాలి. ఏడు వందల ఏళ్ల నాటిదని చెప్పుకునే ఈ మర్రి మూడెకరాల మేర పరుచుకుంది. ఏది మొదటి మానో, ఏది దాని బిడ్డో పోల్చుకోవడం కష్టం. కొమ్మ నుంచి ఊడ దిగుతుంది. అది నేలను తాకి వేరవుతుంది, లావెక్కి మానవుతుంది. దాన్నుంచి మరో కొమ్మ ఇంకాస్త ముందుకు సాగుతుంది. చెట్టు అలా నడుచుకుంటూ వెళ్తూనే ఉంటుంది. కానీ మొదట నిలబడిన చోటును మాత్రం వదలదు.

2017 డిసెంబరులో ఓ పెద్ద కొమ్మ విరిగిపడటంతో సంగతి బయటపడింది. లోపల చెద తినేస్తోంది. ఆ తర్వాతి ఏడాది, ఆస్పత్రిలో రోగికి ఎక్కించినట్టే మందు కలిపిన సెలైన్ సీసాలను కొమ్మలకు వేలాడదీసి చుక్క చుక్కగా ఎక్కించారు. ఆ ఫొటోలు దేశమంతా చూసింది. ఎంత పెద్ద చెట్టయినా కాలి కింద నేలే దాని బలం అన్న సంగతి మరోసారి గుర్తొచ్చింది.

ఈ ఊరి పాత పేరు పాలమూరు. ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ పేరు మీద 1890లో మహబూబ్‌నగర్ అయింది. కాగితాల మీద పేరు మారినా జనం నోట పాలమూరు పోలేదు. ఊరు విడిచి ఎంత దూరం వెళ్లినవాళ్లయినా తమది పాలమూరనే చెప్పుకుంటారు. మర్రికున్న వెసులుబాటు మాత్రం వాళ్లకు లేదు. ఒక కాలు ఊళ్లో ఉంచి మరో కాలు ముంబయిలో మోపడం మనుషుల వల్ల అయ్యే పని కాదుగా!

అడ్డం: వస్తుంది, ఆగదు, వెళ్లిపోతుంది (2)

ఈ జిల్లా నుంచి మొదట వెళ్లిపోయింది మనుషులు కాదు... కృష్ణమ్మ!

మహాబలేశ్వరం దగ్గర పుట్టి, మహారాష్ట్ర, కర్ణాటక దాటుకుని వచ్చే కృష్ణ, తెలంగాణలో మొదట అడుగుపెట్టేది పాలమూరు నేలమీదే. మక్తల్ వైపు నది ఒడ్డున కృష్ణ పేరుతో ఓ ఊరు, ఓ రైల్వేస్టేషన్ కూడా ఉన్నాయి. అంత పెద్ద నది గడపలోకి వస్తే ఊళ్లన్నీ పచ్చగా ఉండాలి కదా? ఉండలేదు. ఎందుకంటే నది కింద పారుతుంది, ఊళ్లు మీద ఉన్నాయి.

లెక్క చూస్తే సులభంగా అర్థమవుతుంది. మహబూబ్‌నగర్ పట్టణం సముద్రమట్టానికి సుమారు 500 మీటర్ల ఎత్తున ఉంది. జూరాల జలాశయం నిండుగా ఉన్నప్పటి నీటిమట్టం 318 మీటర్లు. శ్రీశైలం నిండితే 885 అడుగులు... అంటే 270 మీటర్లే. నీళ్లు పల్లానికి పారతాయి తప్ప మిట్టకెక్కవు. అందుకే కృష్ణ ఈ రాతినేలను ఒరుసుకుంటూ, నల్లమల లోయల్లోంచి కిందికి జారుకుని, డెల్టాను తడిపి సముద్రంలో కలిసేది. మిట్టమీది రైతుకు మిగిలింది వాన. అదీ ఏడాదికి 600 మిల్లీమీటర్లకు అటూ ఇటూ. ఒక్కో ఏడు అదీ ఉండదు. జొన్న, ఆముదం వేసుకుని ఆకాశం వంక చూడటం... ఆకాశం కరుణించకపోతే రోడ్డు వంక చూడటం.

అడ్డం: బతుకుతెరువు కోసం ఊరు విడవడం (3)

నారాయణపేట, మక్తల్, కోస్గి, మద్దూరు, దామరగిద్ద... ఈ వైపు పల్లెల్లో ముంబయి, పుణె పేర్లు పక్కూరి పేర్లలా వినిపిస్తాయి. ‘బొంబై పోయిండ్రు’ అంటే చూసి రావడానికి వెళ్లారని కాదు, మట్టిపనికి వెళ్లారని.

దానికో పద్ధతి ఉండేది. గుంపుమేస్త్రి ఊళ్లోకి వచ్చి ముందే అడ్వాన్సు ఇస్తాడు. ఆ డబ్బు ఆడపిల్ల పెళ్లికో, పాత అప్పుకో, ఆస్పత్రికో ఖర్చయిపోతుంది. ఇక ఆ అడ్వాన్సు తీరేదాకా గుంపు ఎటుపోతే అటే. వానాకాలం పంట పని అయిపోగానే తట్ట, పార, గడ్డపార, జొన్నపిండి మూటలతో ఆలుమగలు ఇద్దరూ బయల్దేరతారు. చంకలో పిల్లయితే వెంట వెళ్తుంది. బడికెళ్లే ఈడుదైతే అవ్వతాతల దగ్గర ఉంటుంది. మళ్లీ తొలకరి నాటికి తిరిగొచ్చి అరక కడతారు. ఈ మధ్యకాలంలో ఊళ్లో మిగిలేది ముసలివాళ్లు, పసివాళ్లు, తాళాలు.

ఆనకట్టలు, కాలవలు, రైలుకట్టలు, రోడ్లు, కేబుళ్ల కోసం తవ్వే గుంతలు... దేశంలో పెద్ద మట్టిపని ఎక్కడ జరిగినా ‘పాలమూరు లేబర్’ అన్న మాట వినిపించేది. తమ పొలానికి కాలవ లేనివాళ్లు ఊరూరా తిరిగి పరాయి పొలాలకు కాలవలు తవ్వారు. ఆ మాటలో వాళ్ల పనితనం మీద గౌరవమూ ఉంది, చవగ్గా దొరుకుతారన్న చులకనా ఉంది.

ఇది నిన్నా మొన్నా మొదలైంది కాదు. ముంబయిలో కామాఠిపుర అనే పేట ఉంది. దాని పేరు ఇప్పుడు వేరే కారణాలకు ప్రసిద్ధి గానీ, ఆ పేరు పెట్టించింది తెలుగు కూలీలు. నిజాం ఏలుబడిలోని తెలంగాణ పల్లెల నుంచి వెళ్లి, పద్దెనిమిదో శతాబ్దం చివరి నుంచీ అక్కడ ఇళ్లు కడుతూ స్థిరపడిన ‘కామాఠీ’ల పేట అది. మహానగరం గోడల్లో, పునాదుల్లో వాళ్ల చెమట ఉంది.

ప్రభుత్వాలు చూస్తూ ఊరుకున్నాయా అంటే, చట్టాలు వచ్చాయి. అంతర్రాష్ట్ర వలస కార్మికుల కోసం 1979లో ఓ చట్టం చేశారు. 2006లో ఉపాధి హామీ పథకం మొదలైనప్పుడు దేశంలో తొలి విడతగా ఎంచుకున్న 200 జిల్లాల్లో మహబూబ్‌నగర్, నల్గొండ రెండూ ఉన్నాయి. కొందరికి ప్రయాణం తప్పింది. చాలామందికి తప్పలేదు. 2020 మార్చిలో లాక్‌డౌన్ విధించి బస్సులూ రైళ్లూ ఆపేసినప్పుడు, ముంబయిలో చిక్కుకుపోయిన పాలమూరు కూలీల సంగతి మళ్లీ అందరికీ గుర్తొచ్చింది. పని పోయింది, గది కిరాయి ఆగలేదు. అప్పుడు వాళ్లకు కావలసిందల్లా ఒక్కటే... ఊరు.

నిలువు: నది పెరిగితే ఊరు తరిగేది (2)

హైదరాబాద్ నుంచి కర్నూలు వెళ్లే జాతీయరహదారి మీద, తుంగభద్ర దాటడానికి కాస్త ముందు పక్కకు తిరిగితే అలంపురం. బాదామి చాళుక్యులు ఏడు, ఎనిమిది శతాబ్దాల్లో కట్టిన నవబ్రహ్మ ఆలయాలు ఉన్న ఊరు. అష్టాదశ శక్తిపీఠాల్లో ఒకటైన జోగులాంబ కొలువున్న చోటు. దండయాత్రల్లో అమ్మవారి గుడి దెబ్బతిని పోతే విగ్రహాన్ని బాలబ్రహ్మేశ్వరాలయంలో దాచుకున్నారు. పధ్నాలుగో శతాబ్దం చివర్లో తన గుడి విడిచిన తల్లి, మళ్లీ తనదైన గుళ్లోకి చేరింది 2005లో. ఆరు వందల ఏళ్లు దాటినా సరే, తిరిగి రావడం సాధ్యమేనని చెప్పే కథ ఇది.

అలంపురంలోనే మరో గుడి ఉంది. చూడటానికి వెయ్యేళ్లకు పైగా ఆ నేలమీదే ఉన్నట్టుంటుంది. నిజానికి అది అక్కడిది కాదు! కృష్ణ, తుంగభద్రలు కలిసే కూడవెల్లి దగ్గర ఉండిన సంగమేశ్వరాలయం అది. శ్రీశైలం జలాశయంలో మునిగిపోతుందని రాళ్లకు అంకెలు వేసి, విప్పి, ఇక్కడికి తెచ్చి మళ్లీ పేర్చారు. పాపనాశి గుళ్లనూ అలాగే జరిపారు. కొల్లాపూర్ దారిలోని జటప్రోలు మదనగోపాలస్వామి, కృష్ణ ఒడ్డున సోమశిల సోమేశ్వరుడు కూడా ఇలా ఇల్లు మారినవాళ్లే. నది పెరిగితే దేవుడైనా మూట సర్దుకోవలసిందే!

అన్ని గుళ్లకూ ఆ యోగం పట్టలేదు. సోమశిల నుంచి నీళ్ల మీదుగా చూస్తే అవతలి ఒడ్డు వైపు, ఆంధ్రప్రదేశ్‌లో, సప్తనదుల సంగమేశ్వరం ఉంది. ఏడాదిలో ఎక్కువ నెలలు నీళ్ల కిందే ఉండి, జలాశయం తగ్గినప్పుడు పైకి తేలుతుంది. అప్పుడు భక్తులు పడవల్లో వెళ్లి పూజలు చేస్తారు. ఏటా వెళ్లి, ఏటా వచ్చే దేవుడు!

మరి ఊళ్లు? శ్రీశైలం ప్రాజెక్టుకు 1963లో శంకుస్థాపన జరిగింది. కర్నూలు, మహబూబ్‌నగర్ జిల్లాల్లో వంద పైచిలుకు పల్లెలు ‘ముంపు’ జాబితాలోకి ఎక్కాయి. 1981లో ఇళ్లు కూలగొట్టి మరీ జనాన్ని ఖాళీ చేయించారు. కుటుంబానికో ఉద్యోగం అంటూ 1986లో 98వ నంబరు జీవో వచ్చింది. ఆ నంబరును పట్టుకుని నిర్వాసితులు దశాబ్దాల తరబడి కార్యాలయాల చుట్టూ తిరిగారు. గుడి రాళ్లకు వేసిన నంబర్లు గుడిని మళ్లీ నిలబెట్టాయి. మనుషులకిచ్చిన నంబరు మాత్రం అంత త్వరగా ఇల్లు నిలబెట్టలేదు.

అడ్డం, నిలువు: రెండింటికీ ఒకే జవాబు (3)

కొల్లాపూర్ దాటి నల్లమలలోకి, అమ్రాబాద్ మీదుగా శ్రీశైలం దారి పడితే దోమలపెంట వస్తుంది. అడవి, మలుపులు, కోతులు... దారంతా చూడముచ్చటగా ఉంటుంది. ఇక్కడే కొండ కడుపులోకి ఓ సొరంగం మొదలవుతుంది. శ్రీశైలం ఎడమగట్టు కాలవ కోసం, సుమారు 44 కిలోమీటర్ల పొడవున, నల్గొండ మెట్టకు కృష్ణ నీళ్లు తీసుకెళ్లాలన్న ఆశతో తవ్వుతున్న సొరంగం.

2025 ఫిబ్రవరి 22న లోపల పైకప్పు కూలింది. ఎనిమిది మంది చిక్కుకుపోయారు. వాళ్లలో పాలమూరు వాళ్లు లేరు, నల్గొండ వాళ్లూ లేరు. జార్ఖండ్, ఉత్తరప్రదేశ్, పంజాబ్, జమ్మూకశ్మీర్‌ల నుంచి పనికి వచ్చినవాళ్లు. వారాల తరబడి వెతికి, మార్చిలో ఇద్దరి భౌతికకాయాలను మాత్రం బయటికి తీయగలిగారు.

ఒకప్పుడు పాలమూరు కూలీ పరాయి రాష్ట్రానికి వెళ్లి పరాయి పొలాల కోసం మట్టి తవ్వాడు. ఇప్పుడు పరాయి రాష్ట్రం కూలీ వచ్చి నల్గొండ పొలాల కోసం కొండ తవ్వుతూ ప్రాణమిచ్చాడు. అడ్డంగా చదివినా, నిలువుగా చదివినా జవాబు ఒకటే... వలస. వెళ్లేవాడి ఊళ్లో ఎదురుచూసే తల్లి ఎక్కడైనా తల్లే.

అడ్డం: ఎద్దుల మీద సాగిన సంత (3)

నల్లమల దాటి ఈశాన్యానికి వెళ్తే దేవరకొండ. చుట్టుపక్కలంతా లంబాడా తండాలు. వీళ్ల పూర్వీకులకు వెళ్లడమే జీవనం. వందల ఎద్దుల మీద ఉప్పు, ధాన్యం వేసుకుని దేశం ఈ చివరి నుంచి ఆ చివరికి సాగే ‘బిడారు’లు వాళ్లవి. యుద్ధానికి వెళ్లే సైన్యాలకు తిండిగింజలు చేరవేసిందీ వాళ్లే. పందొమ్మిదో శతాబ్దంలో రైళ్లు వచ్చాయి, రోడ్లు వచ్చాయి. ఎద్దుల మీద ఉప్పు మోయించే అవసరం లేకపోయింది. బిడారు ఆగిన చోట తండా వెలసింది.

తమాషా ఏమిటంటే, తిరగడం వృత్తిగా ఉన్నన్నాళ్లూ వాళ్లది ‘వలస’ కాలేదు. ఇల్లు వాళ్లతోపాటే నడిచేది. ఓ చోట కుదురుకుని, రాళ్లనేలలో సేద్యం మొదలుపెట్టాకే, పంట పోయిన ఏడు హైదరాబాద్ బస్సెక్కవలసి వచ్చింది. వెనక ఇల్లంటూ ఉంటేనే ‘ఊరు విడవడం’ అనే మాటకు అర్థం!

దేవరకొండకు ఆగ్నేయంగా నాగార్జునసాగర్. 1955 డిసెంబరు 10న నెహ్రూ శంకుస్థాపన చేశారు. 1967లో కాలవలకు నీళ్లు వదిలారు. రాతితో కట్టిన ఆనకట్టల్లో ఇంత పెద్దవి ప్రపంచంలోనే అరుదు. ఆ రాళ్లెత్తిన కూలీల్లో పాలమూరు, నల్గొండ వాళ్లున్నారు. నిండుగా ఉన్నప్పుడు జలాశయాన్ని చూస్తే సముద్రంలా ఉంటుంది. ఆ నీళ్ల అడుగున గుంటూరు వైపు ఇక్ష్వాకుల విజయపురి, నల్గొండ వైపు ఏలేశ్వరం ఉన్నాయి. నాగార్జునకొండ కట్టడాల్లో కొన్నింటిని ద్వీపం మీదికీ, అనుపు దగ్గరికీ తరలించారు. ఎడమ కాలవ పారిన మిర్యాలగూడ, హుజూర్‌నగర్ వైపు వరి పచ్చబడింది. కాలవకు ఎగువనున్న దేవరకొండ, మునుగోడు మిట్టలకు మాత్రం ఆ నీళ్లు ఎక్కలేదు. మళ్లీ అదే కథ... నది కింద, ఊరు మీద.

నిలువు: ఆడపిల్ల వెళ్లే వేళ (5)

అప్పగింతలు. మామూలుగా కళ్లనీళ్లు పెట్టుకునేది పిల్లను పంపే తల్లిదండ్రులు. కానీ మర్రిగూడ, నాంపల్లి, చండూరు, మునుగోడు వైపు పల్లెల్లో పరిస్థితి వేరుగా ఉండేది. అక్కడికి పిల్లనివ్వడానికే వెనకాడేవారు. కారణం... నీళ్లు.

కృష్ణ నీళ్లు ఎక్కక, చెరువులు నిండక, జనం బోర్లు లోతుగా తవ్వారు. లోతుకు వెళ్లేకొద్దీ గ్రానైట్ రాతి పొరల్లోని ఫ్లోరైడ్ నీళ్లలో కలిసి పైకి వచ్చింది. లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటితే ప్రమాదమైతే, ఇక్కడి బోర్లలో దానికి ఎన్నో రెట్లు ఉండేది. ముందు పళ్ల మీద మచ్చలు. తర్వాత కీళ్లు బిగుసుకోవడం. తర్వాత నడుం వంగిపోవడం, కాళ్లు వంకరపోవడం. కూలికి వెళ్లి బతకడానికి కూడా ఒంట్లో సత్తువ ఉండాలి కదా! పాలమూరులో ఊరు విడవడం ఓ బాధైతే, ఇక్కడ విడవలేకపోవడం మరో బాధ.

ఇక్కడే ఓ వింత ప్రయాణం జరిగింది. నాగ్‌పూర్‌లోని జాతీయ పర్యావరణ ఇంజినీరింగ్ పరిశోధన సంస్థ ‘నీరి’ శాస్త్రవేత్తలు 1970లలో ఓ సులువైన పద్ధతి రూపొందించారు. పటిక, సున్నం కలిపి నీళ్లను తేరనిస్తే ఫ్లోరైడ్ చాలావరకు అడుగుకు చేరుతుంది. బకెట్‌తో ఇంట్లో చేసుకోవచ్చు, ట్యాంకులతో ఊరికీ చేయొచ్చు. దానికి పెట్టిన పేరు ‘నల్గొండ టెక్నిక్’. ఇదే సమస్యతో బాధపడుతున్న టాంజానియా, కెన్యా, ఇథియోపియాలకూ ఆ పద్ధతి వెళ్లింది. నల్గొండ ఎక్కడుందో తెలియని ఆఫ్రికా పల్లెల్లో నల్గొండ పేరు నీళ్ల పక్కన చేరింది. ఊరు కదల్లేదు. పేరు మాత్రం సముద్రాలు దాటింది.

తర్వాత ఆ ఊళ్లకు పైపుల్లో కృష్ణ నీళ్లు వచ్చాయి. 2015లో మిషన్ భగీరథ పైలాన్‌ను చౌటుప్పల్ దగ్గర ఆవిష్కరించింది అందుకే. కొత్తగా పుట్టే పిల్లల ఎముకలను ఆ నీళ్లు కాపాడతాయి. అప్పటికే వంగిన నడుములను నిటారు చేయడం మాత్రం ఏ నీళ్ల తరమూ కాదు.

అడ్డం: విడిచిపెట్టడంలో గొప్పది (3)

మర్రిగూడ నుంచి ఉత్తరంగా, విజయవాడ రహదారి దాటితే పోచంపల్లి. ఒకప్పుడు నల్గొండ జిల్లాలో ఉండేది. 2016 విభజనలో యాదాద్రి భువనగిరికి వెళ్లింది. ఇల్లు కదలకుండానే చిరునామా మారిపోవడమంటే ఇదే.

1951లో శివరాంపల్లిలో సర్వోదయ సమ్మేళనానికి వినోబా భావే వార్ధా నుంచి నడిచే వచ్చారు. అక్కణ్నుంచి నల్గొండ పల్లెల్లోకి బయల్దేరారు. భూమి కోసం సాయుధ పోరాటం సాగిన నేల ఇది. ఏప్రిల్ 18న పోచంపల్లిలో దళితులు తమకు 80 ఎకరాలు కావాలని అడిగారు. ప్రభుత్వాన్ని అడుగుదామని వినోబా ఆలోచిస్తుండగా, వెదిరె రామచంద్రారెడ్డి లేచి వందెకరాలు ఇస్తానన్నారు. అలా పుట్టింది ‘భూదానం’. అక్కణ్నుంచి వినోబా పాదయాత్ర పదేళ్లకు పైగా దేశమంతా సాగింది. ఉన్న ఊళ్లో కాస్త నేల ఉంటే ఊరు విడవక్కర్లేదన్నదే ఆ అడిగినవాళ్ల మాట.

మగ్గం ఊరు కాబట్టి ఇక్కడ మరో రకం ప్రయాణమూ ఉంది. నల్గొండ పద్మశాలీలు ఎందరో పని వెతుక్కుంటూ షోలాపూర్, భివండీ వెళ్లారు. షోలాపూర్‌లో పేటలకు పేటలే తెలుగు మాట్లాడతాయి. కానీ ఇక్కడే నిలబడిన మగ్గాల మీంచి బట్ట మాత్రం ఎల్లలు దాటింది. పోచంపల్లి ఇక్కత్ 2005 నాటికే భౌగోళిక గుర్తింపు తెచ్చుకుంది. పక్కనున్న పుట్టపాక తేలియా రుమాలుకు 2020లో అదే గౌరవం దక్కింది. నూలును నూనెలో, ఆముదపు కాయల బూడిదలో నానబెట్టి నేసే ఈ తేలియా రుమాళ్లు ఒకప్పుడు అరబ్బుల తలపాగాలయ్యాయి. నేసినవాడు ఊళ్లో ఉండి, నేసింది దేశం తిరిగితే అంతకన్నా ఏం కావాలి?

తిరగేసి చదవండి (3)

గళ్లు కూర్చేవాళ్లకి ఓ అలవాటుంది. జవాబును వెనక నుంచి రాయమంటారు. ‘వలస’ను తిరగేస్తే ‘సలవ’. చలువను పల్లెటూళ్లలో అలాగే అంటారు.

మిట్టకు నీళ్లెక్కే రోజులు కొంతవరకు వచ్చాయి. జూరాల నుంచి భీమా, నెట్టెంపాడు, కోయిల్‌సాగర్... శ్రీశైలం వెనకజలాల నుంచి కల్వకుర్తి ఎత్తిపోతల... పంపులు నదిని మెట్లెక్కించాయి. పాలమూరు-రంగారెడ్డి పథకానికి 2015లో శంకుస్థాపన చేస్తే, 2023 సెప్టెంబరులో నార్లాపూర్ దగ్గర తొలి పంపు తిరిగింది. నీళ్లందిన చోట వరి మడులు కనిపిస్తున్నాయి. తెలంగాణలో నాట్లు వేయడానికి బీహార్, పశ్చిమ బెంగాల్ నుంచి కూలీలు వస్తున్నారు. నీళ్లందని చోట మాత్రం తాళాలు ఇంకా కనిపిస్తాయి. గడి సగమే తిరగబడింది.

తెలుగువాళ్లు బయటికెళ్లేవాణ్ని ‘ఎక్కడికి?’ అని అడగరు. ‘దూరమా?’ అంటారు. వెళ్లేవాడూ ‘పోతున్నా’ అనడు. అది అశుభం. నారాయణపేటలోనో దేవరకొండలోనో, సందెవేళ దూరం బస్సు కదిలే ముందు ఓ నిమిషం నిలబడితే వినిపించేది వేరే మాట. కిటికీలోంచి కొడుకు ‘పోయొస్తనే అవ్వా’ అంటాడు. ‘పైలం బిడ్డా’ అంటుంది కింద నిలబడ్డ తల్లి.

పో... యొ... స్త. అవీ మూడక్షరాలే. ‘ఊరు విడిచి వెళ్లేటప్పుడు’ అన్న ఆధారానికి ఆ మూడు గళ్లలో చక్కగా సరిపోతాయి. లెక్కలు రాసేవాళ్లు ఆ గళ్లలో ‘వలస’ అని రాసుకుంటారు. వెళ్లేవాళ్లు మాత్రం ఏనాడూ ఆ మాట అనలేదు. తరతరాలుగా వాళ్లు నింపుతున్నది ఈ రెండో జవాబే... పోయొస్త.